ఐసు బాబాయి గ్రోకుడు

ఆ మధ్యాహ్నం ఇంగ్లిషు లెక్చరర్ గారు నోట్లో పెట్టుకోవలసిన ముద్దను చొక్కా జేబులో పెట్టుకున్నారు. కలిపిన ముద్దే, కూరతో సహా. ఆ తర్వాత ఖాళీ నోటిని శ్రద్ధగా నమిలి, మంచినీళ్లు తాగారు. ఆయనకు మతిమరుపేమీ లేదు. ఎదురుగా స్టూలు మీద మా ఐసు బాబాయి కూర్చుని ఉన్నాడు, అంతే.

బాబాయి ఫ్రిజ్ మెకానిక్. ఆ పనిలో ఒక పద్ధతుంది. గ్యాస్ నింపగానే సామాను సర్దుకుని వచ్చెయ్యకూడదు. ట్రేలో నీళ్లు పోసి, అవి గడ్డకట్టేదాకా అక్కడే కాపలా కాయాలి. ఫ్రిజ్ ఉండేది వంటింట్లో. బాబాయి పని తెమిలేసరికి భోజనాల వేళవుతుంది. ఇందులో ఆయన కుట్రేమీ లేదు. ఇంటివాళ్లు కంచాల ముందు కూర్చుంటారు, బాబాయి స్టూలు మీద కూర్చుంటాడు, ఐసు సంగతి మరిచిపోతాడు. కంచంలోంచి ముద్ద లేస్తే ఆయన గడ్డం కూడా లేస్తుంది. ముద్ద లోపలికి వెళ్తే ఆయన గొంతు ఓసారి కిందికీ పైకీ కదులుతుంది. పెట్టమని అడగడు. పెడితే వద్దనడు. ఎంత గట్టి గుండెవాళ్లయినా నాలుగో ముద్దకి లేచి ఇంకో కంచం తెస్తారు.

మర్నాడు లెక్చరర్ గారు బాబాయి ఇంటికి వచ్చారు. పక్కిల్లే కనుక నేనూ అక్కడే ఉన్నాను.

"ఫ్రిజ్ బ్రహ్మాండంగా పనిచేస్తోందమ్మా," అన్నారాయన పిన్నితో. "నేను పోట్లాటకి రాలేదు. మీవారు చేసే పనికి ఇంగ్లిషులో ఓ క్రియ ఉంది. నిఘంటువులో దొరికింది. ఆ సంతోషం పట్టలేక వచ్చాను."

"రిపేరు చెయ్యడమేగా?" అంది పిన్ని.

"కాదమ్మా. గ్రోక్. ఎవరైనా తింటుంటే, మనకీ ఓ ముద్ద పెడతారేమోనని పల్లెత్తు మాట అనకుండా కళ్లప్పగించి చూడటం. ఇంగ్లిషు వచ్చినవాళ్లలో కూడా దీని సంగతి తెలిసింది ఏ కొద్దిమందికో."

బాబాయి ముఖం వెలిగిపోయింది. "చూశావటే! వాళ్ల దేశంలోనూ ఫ్రిజ్ మెకానిక్కులున్నారన్నమాట."

"ఈ మాట పుట్టేనాటికి ఫ్రిజ్జులే లేవండీ."

"అయితే ఏ వంకతో కూర్చునేవాళ్లో, పాపం!"

లెక్చరర్ గారికి హుషారొచ్చింది. అలా చూసేవాణ్ణి గ్రోకర్ అంటారన్నారు. పిలవకపోయినా వాసన పట్టుకుని భోజనం వేళకి దిగబడేవాడికి స్మెల్‌ఫీస్ట్ అని వేరే పేరుందట. ఆ రెండూ ఒకటి కావట, కలపకూడదట.

"మన భాషకేం తక్కువండీ?" అంది పిన్ని కొంగు దోపుకుంటూ. "గుటకలు మింగడం, లొట్టలెయ్యడం, చొంగ కార్చడం. మా ఆయన ఒక్కడికే ఇన్ని మాటలున్నాయి."

"అవన్నీ చప్పుడయ్యేవి తల్లీ. ఇది నిశ్శబ్దంగా జరగాలి."

"మరే," అన్నాడు బాబాయి అనుభవజ్ఞుడిలా. "చప్పుడైతే కంచం తీసుకుని లోపలికి పోతారు."

వెళ్తూ వెళ్తూ లెక్చరర్ గారు గుమ్మంలో ఆగారు. "ఏమనుకోకమ్మా, మా ఆవిడ అడగమంది. ఇంట్లో ఈయనకి వేళకి తిండి... అదే... ఉంటుంది కదా?"

పిన్ని కొయ్యబారిపోయింది. మా వీధిలో కొత్తగా కాపురానికొచ్చిన ఏ అమ్మాయైనా కూరలో ఉప్పు ఎంతెయ్యాలో పిన్నినే అడుగుతుంది. అలాంటి మనిషి మొగుడికి తిండి పెట్టదన్న పేరొచ్చింది.

"ఊరంతా ఏమనుకున్నా పోనీలేరా," అంది ఆయన వెళ్లాక, నన్ను పెరట్లోకి పిలిచి. "ఈయనకే నా వంట పడదేమో. ఇంట్లో తల దించుకుని నాలుగు మెతుకులు మింగి, పేపరు పట్టుకుంటాడు. ఊళ్లోవాళ్ల చప్పిడి కూరలకేసి మాత్రం అలా చూస్తాడు. ఇదేదో తేలిపోవాలి. రేపు మధ్యాహ్నం భోజనానికి ఇక్కడికే రా."

వెళ్లాను. బాబాయి చేతులు కడుక్కుని వస్తుంటే పిన్ని అడ్డం తగిలింది.

"ఏమండీ, మన ఫ్రిజ్ చల్లబడటం లేదు, కాస్త చూడండి."

చూశాడు. ప్లగ్గు ఊడి ఉంది. ఎవరు పీకారో నేను చెప్పను. బాబాయి ప్లగ్గు పెట్టాడు, ట్రేలో నీళ్లు పోశాడు, చెయ్యి అలవాటు కొద్దీ స్టూలు లాక్కుంది. కూర్చున్నాడు. పిన్ని నాకు వడ్డించి, తనకీ వడ్డించుకుని, ఆయన ఉన్నాడన్న ధ్యాసే లేనట్టు కూర కలుపుకుంది.

మొదటి ముద్దకి ఆయన పేపరు కోసం వెతికాడు. రెండో ముద్దకి వెతకడం మానేశాడు. మూడో ముద్దతో పాటు గడ్డం లేచింది. పిన్ని చెయ్యి ఎటు వెళ్తే ఆయన కళ్లు అటు వెళ్లాయి. గిన్నె అడుగున మాడిన వేపుడు గీకుతుంటే, ఆ గరిటెకేసి చూసిన చూపు ఏ లెక్చరర్ కంచానికీ దక్కి ఉండదు. గొంతు కదిలింది. మళ్లీ కదిలింది. నోరు తెరిచి మాత్రం ఒక్క మాట అడగలేదు.

నాకు ముద్ద దిగడం లేదు. పిన్ని మాత్రం కొంగుతో కళ్లొత్తుకుంటూ, నవ్వాపుకుంటూ తినేస్తోంది. చివరికి ఆ నవ్వు కాస్తా కోపంగా మారింది. గరిటె ఠపీమని గిన్నెలో పడేసింది.

"ఇన్నేళ్ల కాపురంలో నా వంటకేసి ఒక్కసారైనా ఇలా చూశారటండీ?"

"చూడ్డానికి నువ్వు టైమిస్తేగా, కూర్చోకముందే వడ్డించేస్తావు!"