పసుపులో కలిపిన నూనె

పన్నెండేళ్లుగా ఒక బీడీ బరువు మోస్తున్నాను. నేను బీడీ తాగను. రోజూ నేను ఎత్తే ఆక్సిజన్ సిలిండర్ దానికంటే తేలిక. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మాచర్లలో నాది వెల్డింగ్ పని. ఎన్ని ఇనప ముక్కలనైనా అతుకుతాను గానీ, ఒక్క ముక్క మాత్రం నోరు తెరిచి చెప్పలేకపోయాను.

అప్పట్లో నేనూ మస్తాన్ భాయ్ ఒకే షాపులో పనిచేసేవాళ్లం. గ్యాస్ కటింగ్ నాకు నేర్పింది ఆయనే. ఆక్సిజన్ వాల్వ్ దగ్గరికి నూనె చేతితో రావద్దని, లోపలి ఆక్సిజన్ ఒత్తిడికి నూనె దానంతటదే అంటుకుంటుందని మొదటి రోజే చెప్పాడు.

దసరాకి షాపులో ఆయుధపూజ. సామాన్లకి పసుపు రాయడం నా వంతు. నీళ్లతో కలిపితే ఇనుము మీద ఎండి రాలిపోతుందని, దీపం కోసం తెచ్చిన నూనెతో కలిపాను. గ్రైండర్‌కి రాశాను, డ్రిల్లింగ్ మిషన్‌కి రాశాను. అదే చేతితో సిలిండర్లకీ రాశాను, రెగ్యులేటర్ విప్పి ఉన్న ఆక్సిజన్ వాల్వ్ మూతితో సహా. భక్తి ఎక్కువై కాదు. చేయి ఆగలేదు, అంతే.

మర్నాడు పొద్దున భాయ్ వచ్చాడు, చెవి మీద ఎప్పటిలాగే బీడీ పెట్టుకుని. సిలిండర్‌ని చూసి నవ్వాడు.

“ఏందిరా, దీన్ని పెళ్లికూతుర్ని చేశావే. నూనె గాని కలిపావా?”

“నీళ్లే భాయ్.”

“చూడు మరి. నూనెకీ దీనికీ చానా పగ.”

“నీళ్లేనంటే.”

ఎందుకలా అన్నాను? ట్రాక్టర్ బాగుచేయించుకోవడానికి వచ్చిన రైతులు ఇద్దరు అక్కడే నిలబడి ఉన్నారు, వాళ్ల ముందు తిట్లు తినడం ఇష్టం లేక. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఇన్నేళ్లూ నాలో వెతుక్కున్నాను. దొరకలేదు.

ఆయన గుడ్డతో పైపైన తుడిచి, రెగ్యులేటర్ బిగించి, వాల్వ్ తిప్పాడు. బుస్సుమంది. మంట ముఖం మీదికి లేచింది. రైతులు ఆయన్ని బయటికి లాగారు. నేను పక్కనున్న గ్యాస్ సిలిండర్‌ని, అదీ అంటుకోకుండా, దూరంగా లాగాను. అందరూ నన్ను ధైర్యవంతుడన్నారు. ఆయనకి ఎడమ కన్ను పోయింది.

ఎట్టా జరిగిందని షాపు యజమాని అడిగాడు. నేల మీద బీడీ పడి ఉంది. “బీడీ...” అన్నాను. అంతవరకే అన్నాను. మిగతా వాక్యాన్ని ఊరు పూర్తిచేసింది.

ఆస్పత్రిలో భాయ్ కూడా నన్నే అడిగాడు. “వెలిగించానంటావా? నాకు గుర్తు రావట్లేదురా.” నేను కిటికీ వైపు చూశాను.

ఇప్పుడాయన గురజాలలో, తమ్ముడి సైకిల్ షాపులో కూర్చుంటాడు. కనిపించిన ప్రతి వెల్డర్‌కీ బీడీ మానమని చెబుతాడట. నూనె సంగతి ఎత్తడట. ఆయనకి తెలిస్తే గదా.

నాది సొంత షాపు. ఒక్కణ్నే. ఎవర్నీ పనికి పెట్టుకోలేదు. ఎవరైనా “నీళ్లే” అంటే నమ్మలేను. దసరాకి అన్నిటికీ పసుపు రాస్తాను, సిలిండర్లకి తప్ప. “ఏంది బాబాయ్, వాటికేమన్నా మైలా?” అని అడుగుతారు. నవ్వుతాను.

ఆయనకి చెప్పాలని రెండుసార్లు గురజాల బస్సెక్కాను. రెండుసార్లూ దారిలో రెంటచింతలలో దిగిపోయాను.

ఇది మీకు చెప్పినంత మాత్రాన ఆయన కన్ను తిరిగి రాదు. అయినా ఆ వాక్యాన్ని ఒక్కసారైనా నేనే పూర్తిచేయాలి. నూనె కలిపింది నేను. నేల మీద పడ్డ ఆ బీడీని ఎత్తి చూశాను. ఏ చివరా నల్లగా లేదు.