ఆడపడుచు దగ్గర దాచి, యాప్‌కు చెప్పాను

మా అమ్మాయి పన్నెండో ఏట పెద్దమనిషైంది. చాప మీద కూర్చోబెట్టడం, ఊరంతా వచ్చి చూడటం తనకు ఇష్టం లేదంది. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యమ్మా" అంటే దాని నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాను. పలివెలలో ఉన్న మా ఆడపడుచుకు కూడా చెప్పలేదు. చిమ్మిలి దంచితే రోకటి చప్పుడుకు పక్కింటివాళ్లు పసిగడతారని నువ్వులూ బెల్లమూ మిక్సీలో తిప్పి, తలుపులు వేసి తినిపించాను.

ఒక్క పీకులాట మాత్రం మిగిలింది. ఆ సమయానికి ఏ నక్షత్రం ఉందో, శాంతి ఏమైనా చేయించాలేమో చూడాలి. నమ్మకం లేదంటూనే చూసుకునే రకం నేను. పంతులుగారింటికి వెళితే గడప దాటేలోపు నలుగురూ చూస్తారు. అందుకని పంచాంగం చెప్పే యాప్ ఒకటి ఫోన్లో వేసుకున్నాను. పిల్ల పేరు, పుట్టిన తేదీ, పెద్దమనిషైన రోజు, గంట, నిమిషం, ఊరు, నా ఫోన్ నంబరు అడిగింది. ఫోనుకు నోరు లేదు కదా అని అన్నీ నింపాను. నక్షత్రం మంచిదేనంది. హమ్మయ్య అనుకున్నాను.

నాలుగో రోజు నేను కొబ్బరి కోరుతుంటే ఫోను మోగింది. అమ్మాయే ఎత్తింది. ఎత్తింది ఎత్తినట్టే నిలబడిపోయింది. నేను లాక్కుని చెవిన పెట్టుకునేసరికి అవతల ఒక ఆడగొంతు, దాని పేరు పెట్టి మరీ, ఓణీల ఫంక్షనుకు డెకరేషను, ఫొటోలు తామే చూసుకుంటామంటోంది.

"మా ఇంట్లో సంగతి మీకెవరు చెప్పేరండీ?"

"ఆయ్, మీరే యాప్‌లో ఇచ్చేరు కదండీ. మాకు లిస్టు వచ్చిందండీ."

ఒళ్లు మండిపోయింది. పసిపిల్ల ఒంటి సంగతిని లిస్టు చేసి అమ్ముకు తింటారా? వీళ్ల ఇళ్లలో ఆడపిల్లలు లేరా? మా పంతులుగారికి ఊళ్లో ఆడపిల్లలందరి నక్షత్రాలూ తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కరి గురించీ నోరు జారలేదు. అలాంటి మనిషిని కాదని ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టాను, నా బుద్ధి గడ్డి తిని. ఆ వివరాలన్నీ చెరిపెయ్యమని కేకలేశాను. "అది మా చేతిలో లేదండీ" అని పెట్టేసింది. యాప్ తీసేశాను. అయినా ఫోన్లు ఆగలేదు.

మరుసటి నెల, రోజులు దాటిపోతున్నాయేమిటని నేనే అమ్మాయిని అడిగాను.

"ఎప్పుడో అయిపోయిందమ్మా" అంది. "చెబితే మళ్లీ ఎక్కడ రాస్తావోనని చెప్పలేదు."