కింది అరలోని గైరుహాజరు చీటీలు

1946 ఫిబ్రవరి 16, శనివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మా కాలేజీ రికార్డు గదిలో మొదటి చినుకు పడింది. గదిలోనే పడింది, ఎందుకంటే ఆ రోజు గదికి కప్పు లేదు.

గురజాల దగ్గర మిషన్ వారు పెట్టిన ఆ ఇంటర్మీడియట్ కాలేజీకి అది రెండో ఏడు. ఆఫీసు పాత పెంకుటిల్లు. వాసాలు పుచ్చాయని గురువారం పెంకులు దింపించారు. నేను రికార్డు గుమాస్తాని, అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. కట్టలన్నీ క్లాసు గదిలోకి మార్పిద్దామని అడిగితే ప్రిన్సిపాల్ గారు ఆకాశం వైపు చెయ్యి చూపించి నవ్వారు.

“మాఘమాసంలో పల్నాట్లో వానేమిటమ్మాయ్? సోమవారానికి కొత్త వాసాలు ఎక్కుతాయి. ఆ కట్టలు కదిలిస్తే మళ్లీ సర్దడానికి నీకు నెల పడుతుంది.”

ఆయన్ని తప్పుపట్టను. మా ప్రాంతంలో ఎవరైనా అదే మాట అనేవారు. మాకు వాన కోసం ఎదురుచూడటం తెలుసుగాని వాన నుంచి దాచుకోవడం తెలియదు. మా కాగితాలకు శత్రువు చెద. చెద నేలలోంచి వస్తుంది. అందుకని నేను బీరువా అరల్ని ఆ లెక్కన సర్దాను. ఎప్పటికీ ఉంచాల్సిన అడ్మిషన్ రిజిస్టర్లు, మార్కుల పట్టీలు ఎర్రగుడ్డలో కట్టి అన్నిటికన్నా పైన. పదేళ్లు ఉంచాల్సినవి దాని కింద. హాజరు పట్టీలు విద్యార్థి కాలేజీ వదిలేదాకా కావాలి కాబట్టి వాటినీ పైఅరలోనే పెట్టాను. ఏడాది దాటగానే తగలబెట్టేవి అట్టడుగున. చెద కింద మొదలుపెట్టి పైకి ఎక్కేలోపల మనం చూసుకోవచ్చు. బీరువాకు పైచెక్క లేదు. దాని అవసరం ఎవరికీ తోచలేదు.

వాన నలభై నిమిషాలు కురిసింది. విలువైనవి ముందు తడిశాయి, విలువ లేనివి పొడిగా ఉన్నాయి. పై అరల కట్టలు నీళ్లన్నీ తాగేసి కింది అరకు చుక్క పోనివ్వలేదు.

ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక కట్టలన్నీ బయటికి తెచ్చాం. కాలేజీ పక్కనే మిరప కళ్ళం. అక్కడ కూలికి చేసే ఒకామె, మా సీనియర్ ఇంటర్ క్లాసులో చదివే అమ్మాయి తల్లి, గోడమీదుగా చూసి కేక వేసింది.

“ఏంది పంతులమ్మా, కాలేజీని కళ్ళానికి దించారే! తూకం ఎప్పుడు?”

“నవ్వమాక అక్కా. నీ ఈతచాపలు కావాలి.”

“చాపలకేం, ఇస్తా. మిరపకాయ ఘాటు అంటుద్ది మీ కాగితాలకి.”

“కాగితాలు తుమ్మవులే.”

ఆమె మరో నలుగురు ఆడవాళ్లను పిలుచుకుని వచ్చింది. ఎండలో నేరుగా పరిస్తే కాగితం చుట్టుకుపోతుందని నాకు తెలుసు, అందుకని పందిరి నీడలో పరిపించాను. మిరపకాయల్ని తొడిమ ఊడకుండా తిరగేసే చేతులు అవి. తడి కాగితాన్ని మూల చిరగకుండా లేపి తిరగేశాయి. గాలికి ఎగరకుండా ప్రతి దొంతర మీదా ఒక నాపరాతి ముక్క. పొద్దు వాలకముందే అన్నీ దగ్గరికి లాగి మంచు పడకుండా చాపలు కప్పేవాళ్లు. “ఏమే, అటు పక్కన మార్కులున్నాయంట, మెల్లిగా! నీ మొగుడి చొక్కా అనుకుంటున్నావా!” అని ఒకళ్లనొకళ్లు అరుచుకుంటూనే చేశారు. మంగళవారం సాయంత్రానికి ఎర్రగుడ్డ కట్టలు దాదాపు అన్నీ ఆరాయి. అడ్మిషన్ రిజిస్టర్లో ఒక్క పేరు కూడా పోలేదు.

సీనియర్ల పోయినేటి ఇంగ్లీషు హాజరు పట్టీ మాత్రం పోయింది. ఆరింది గాని అందులో నీలం మడుగు తప్ప అక్షరం లేదు. ప్రిన్సిపాల్ గారే ఇంగ్లీషు చెప్పేవారు. యుద్ధం రోజుల్లో మంచి సిరా దొరక్క, ఉన్న ఒక్క ఆఫీసు సీసా మిగతా మాస్టర్లకు వదిలేసి ఆయన కుర్రాళ్లలాగా సిరా బిళ్ళలు నీళ్లలో కలుపుకుని రాసుకున్నారు. ఆఫీసు సిరా తడిసినా నిలిచింది. బిళ్ళల సిరా దిగిపోయింది.

అది పోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. కాలేజీ కొత్తది, గుర్తింపు తాత్కాలికం. అందుకని సీనియర్ల మొదటి సంవత్సరం హాజరు చూడటానికి యూనివర్సిటీ ఆఫీసరు 27వ తేదీన వస్తున్నారు. ప్రతి సబ్జెక్టులో నూటికి డెబ్బై అయిదు ఉన్నట్టు కాగితం చూపిస్తేనే పరీక్ష. క్లాసులో ముప్పై ఎనిమిది మంది. ముప్పై ఆరుగురికి మిగతా పట్టీల్లో తొంభై దాకా హాజరు కనిపిస్తోంది, ఇంగ్లీషులోనూ అంతే ఉంటుందని ఆఫీసరు ఒప్పుకోవచ్చు. ఇద్దరికి మాత్రం అన్నిటిలోనూ అంచుమీదే ఉంది. ఒకడు మోతుబరి ఇంటి కుర్రాడు. రెండోది ఆ కళ్ళం ఆమె కూతురు.

బుధవారం పొద్దున ఆమె ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“మా పిల్లకి పరిచ్చ ఉంటదా, ఉండదా? అది చెప్పు పంతులమ్మా.”

“పట్టీ పోయింది అక్కా.”

“పోయినేడు మిరప కోతల్లో నేనే దాన్ని కళ్ళానికి లాక్కుపోయా. అయిదు వారాలు. అంతకుముందు చలిజొరమొచ్చి పడుకుంది. చానా దినాలు పోయినయ్. దాని నోటికాడ కూడు నేనే తీసేశానా?”

లోపలికి వెళ్లి బీరువా ముందు నిలబడ్డాను. పై అరలు ఖాళీ. కింది అర నిండుగా ఉంది. అందులో గైరుహాజరు చీటీలున్నాయి.

ప్రతి గంటా మాస్టరు హాజరు పిలిచాక, రానివాళ్ల నంబర్లు పెన్సిలుతో చిన్న చీటీ మీద రాసి సంతకం చేసి బంట్రోతు చేత ఆఫీసుకు పంపేవారు. అందరూ వస్తే “అందరూ హాజరు” అని రాసేవారు. జుల్మానా వేయడానికి తప్ప అవి దేనికీ పనికిరావు. నేను వాటిని దబ్బనంతో గుచ్చి, నెలవారీగా పురికొసకు కట్టి ఉంచేదాన్ని. ఏడాది కాగానే తగలబెట్టాలని రూలు. జనవరిలోనే ప్రిన్సిపాల్ గారు వాటిని వంట పొయ్యికి ఇచ్చేయమన్నారు.

“మార్చి 31కి గాని ఏడాది నిండదు సార్. ఏప్రిల్ 1 పొద్దున ఇస్తాను.”

“చెత్త కాగితాలకు కూడా పుట్టినరోజు చూస్తావేమిటమ్మాయ్!”

ఆ మాటకు అప్పట్లో ఆఫీసంతా నవ్వింది. ఇప్పుడు ఆ కట్టల్ని ఒళ్లో పోసుకుని ఆయన గదిలోకి నడిచాను. ఆయన ఒక చీటీ తీసి తన పెన్సిలు రాతను తానే చాలాసేపు చూసుకున్నారు.

ఇంగ్లీషు చీటీలు విడదీశాను. రెండు వందల పన్నెండు. అంటే రెండు వందల పన్నెండు క్లాసులు జరిగాయి. నూటికి డెబ్బై అయిదంటే నూట యాభై తొమ్మిది. ఆ అమ్మాయినీ, వాళ్లమ్మనూ ఆ గది గుమ్మం తొక్కనివ్వలేదు. ఎవరి లెక్క వాళ్లు చూసుకోకూడదు. అమ్మాయి నంబరున్న చీటీలు నేను ఒకసారి లెక్కపెట్టాను, ప్రిన్సిపాల్ గారు నా అంకె చూడకుండా ఇంకోసారి. నాకు యాభై ఒకటి గైరుహాజరు వచ్చాయి, ఆయనకు యాభై. ఆయన ముఖం వెలిగింది. నేను మళ్లీ మొదటినుంచి తీయించాను. ఆయన చేతిలో రెండు చీటీలు అతుక్కుని ఉన్నాయి. యాభై ఒకటే.

హాజరు నూట అరవై ఒకటి. కావాల్సిన దానికన్నా రెండు ఎక్కువ.

కుర్రాడివీ అలాగే లెక్కపెట్టాం. మూడు తక్కువ వచ్చాయి. అదీ అలాగే రాశాను.

27వ తేదీ బుధవారం మాచర్ల బండికి ఆఫీసరు దిగారు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మొదటి కట్ట విప్పగానే వరసగా నాలుగు తుమ్ములు తుమ్మారు.

“ఇవి రికార్డులా, మసాలా దినుసులా?”

జరిగింది చెప్పాం. ఆయన రుమాలు ముక్కుకు పెట్టుకునే విన్నారు. తర్వాత చీటీల కట్ట చేత్తో పట్టుకుని బరువు చూస్తున్నట్టు ఆడించారు.

“పెన్సిలు ముక్కలు. మీరు నిన్న కూర్చుని రాసినవి కావని నాకేమిటి నమ్మకం?”

“మీరే ఒక తేదీ చెప్పండి,” అన్నాను. “లెక్కల పట్టీ, చరిత్ర పట్టీ మీ చేతిలో ఉన్నాయి. ఆ రోజు ఆ గంటల చీటీలు నేను తీసి చదువుతాను. అవి కలిస్తే ఇంగ్లీషు చీటీల్ని కూడా నమ్మండి.”

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఒక తేదీ చెప్పారు, కలిసింది. ఇంకోటి చెప్పారు, కలిసింది. అయిదు తేదీలదాకా కలిశాయి. ఆరోదానికి ఆయన గొంతు పెరిగింది.

“ఇదిగో! చీటీలో పద్నాలుగో నంబరు రాలేదని ఉంది. పట్టీలో వచ్చినట్టుంది.”

ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి సగం లేచారు.

“పద్నాలుగు చుట్టూ సున్నా ఉందేమో చూడండి,” అన్నాను.

ఆయన పట్టీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు. సున్నా ఉంది, పక్కన మాస్టరు పొడి సంతకం ఉంది. చీటీ ఆఫీసుకు వెళ్లిపోయాక ఆలస్యంగా వచ్చినవాళ్లకు అలా చుట్టడం మా పద్ధతి. ఇంగ్లీషులో అలాంటి సున్నాలు ఎవరికి ఎన్నున్నాయో పట్టీతోపాటే పోయింది. ఆయన పట్టీ మూసేశారు.

“నిన్న రాసినవాళ్లెవరూ ఇలాంటి తేడా ఉంచరు. చాలమ్మా, ఇంక తేదీలు అడగను.”

ముప్పై ఏడు పేర్లకు ఎదురుగా సంతకం పెట్టారు. ఆ అమ్మాయి పేరు దగ్గర ఆగి నూట అరవై ఒకటిని రెండుసార్లు వేలితో తట్టి, దానిమీదా పెట్టారు.

బయట వరండాలో తల్లి కూర్చుని ఉంది. “ఉంది అక్కా, పరీక్ష ఉంది,” అన్నాను. కొంగుతో కళ్లు తుడుచుకోబోయి, కొంగుకు ఉన్న మిరప ఘాటు తగిలి, “అమ్మో, చచ్చాన్రోయ్!” అని గెంతులు వేసింది. నీళ్లు తెచ్చిపోస్తూ నవ్వీ నవ్వీ నాకు పక్క నొప్పి పట్టింది. ఆఫీసరు కిటికీలోంచి చూసి ఏమైందో అర్థం కాక మళ్లీ తుమ్మారు.

అమ్మాయి మార్చిలో పరీక్ష రాసింది, పాసయింది. కాలేజీకి జూన్‌లో శాశ్వత గుర్తింపు వచ్చింది. ఆఫీసరు నా దగ్గర ఏ కాగితం ఎన్నేళ్లు ఉంచాలో రాసుకున్న పట్టికను అడిగి నకలు తీసుకెళ్లారు. ఏప్రిల్ 1 పొద్దున చీటీల మీద ఎర్రగుడ్డ కట్టాను. ప్రిన్సిపాల్ గారే ముడి వేశారు.

ఆ వానకు పోయినవి ఇవి. ఇంగ్లీషు హాజరు పట్టీ ఒకటి. మొదటి ఏటి దరఖాస్తులు యాభై ఏడులో పంతొమ్మిది, ఎర్రగుడ్డ రంగు దిగి చదవరానివయ్యాయి. భవనం ప్లాను ఒకటి. కాలేజీ తెరిచిన రోజు తీసిన ఫోటో ఒకటి, దానికి రెండో ప్రతి లేదు. ఎర్రగుడ్డలు నాలుగు. కళ్ళం వాళ్ల ఈతచాపలు రెండు, సిరా అంటి. ఒక కుర్రవాడికి ఆ మార్చి పరీక్ష.