చివరి గుర్తు తాగొద్దన్న మనిషి

మా ఊరి డిస్పెన్సరీ కాంపౌండరు గారు పోయారని తమ్ముడు రాసిన కార్డు నాకు నాలుగు రోజులు ఆలస్యంగా అందింది. వార్డు పని ముగించుకుని గదికి వచ్చేసరికి తలుపు కింద పడి ఉంది. "సోమవారం పొద్దున డిస్పెన్సరీ తలుపు తియ్యలేదంట. పోయి చూస్తే మంచం మీదనే పోయున్నాడు. కావలి నించి కూతురు వచ్చినాక సాయంత్రం మట్టి చేసినారు. ఊరంతా పోయినాం" అని రాశాడు. కింద కొంచెం జాగా మిగిలితే, ఈసారి వడ్లు బాగా పండాయని కూడా రాశాడు. కార్డులో జాగా వదిలేయడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

ఆయన పేరు చెప్పినా మీకు తెలిసే అవకాశం లేదు. కోట అనే ఊరికి సముద్రం వైపున్న మా పల్లెలో, డాక్టరు గారు వారానికి రెండు రోజులు సైకిలు మీద వచ్చే డిస్పెన్సరీలో, మిగతా ఐదు రోజులూ వైద్యమంతా ఆయనే. సొంతూరు బుచ్చిరెడ్డిపాలెం. భార్య చిన్న వయసులోనే పోయింది. కూతురికి పెళ్ళి చేసి పంపాక డిస్పెన్సరీ వెనక గదిలో ఒక్కరే ఉండేవారు. ఊళ్ళో అందరూ సాయిబు గారు అనేవాళ్ళు. నేను మాత్రం కాంపౌండరు గారు అనేవాణ్ణి. అలా పిలిస్తే ఆయన తల కొంచెం పైకెత్తేవారు.

ఆ రోజుల్లో మందుకు ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకోవాలి. ఆయన దాన్ని కడిగి, మిక్స్చర్ పోసి, ఒక కాగితం పట్టీని అంచున గంట్లు పెట్టి కత్తిరించి సీసాకు నిలువునా అంటించేవారు. ఒక్కో గంటు ఒక్కో గుర్తు, ఒక్కో గుర్తు ఒక్క పూట మోతాదు. జిగురు ఆయనే కాచుకునేవారు. మైదాలో చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగులు కొరకవని చెప్పేవారు. అంటించాక సీసాను కిటికీ వెలుగులో పట్టుకుని ఒకసారి చూసి అప్పుడు మనిషికి ఇచ్చేవారు. ఇస్తూ రెండే మాటలు. "సీసా కదిలించనోడు మందు తాగలా, నీళ్ళు తాగినాడు." ఇది మొదటిది. "చివరి గుర్తు తాగొద్దు. సీసాతో సహా నా దగ్గరికి తీసుకురా." ఇది రెండోది.

ఎందుకని అడిగితే, అడుగున మందు గడ్డ కడుతుంది, ఆ మోతాదు మంచిది కాదు అనేవారు. ఊరు ఊరంతా నమ్మింది. కాలేజీలో చేరకముందు నాకు చలిజ్వరం వచ్చినప్పుడు నేనూ నమ్మి, చేదు మందు చివరి గుర్తు మిగిల్చుకుని వెళ్ళాను. ఆయన సీసా వైపు చూడనే లేదు. నా కళ్ళు చూశారు, నాలుక చూశారు, ఇంటర్మీడియట్ మార్కులు అడిగారు. డాక్టరు చదువు సంగతి నాతో మొదట ఎత్తింది ఆ రోజు ఆయనే.

మెడికల్ కాలేజీలో మందుల పాఠాలు మొదలయ్యాక సెలవులకొచ్చి ఆయన్ను పట్టుకున్నాను. నాలుగు ముక్కలు వచ్చినవాడికి ఉండే పొగరు నాకు కాస్త ఎక్కువే ఉండేది. "విరేచనాల సుద్ద మందైతే అడుగున పేరుకుంటుంది, సరే. సోడా మిక్స్చర్‌కి ఏముంటాది కాంపౌండరు గారూ? అది నీళ్ళ మాదిరి ఉంటాది గదా" అన్నాను.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "నీకు తెలిసిపోయిందా. ఇంకెవురికీ చెప్పబాక. మందు అయిపోయినోడు మళ్ళీ రాడు నాయనా. తగ్గిందో, పోయినాడో నాకెట్టా తెలిసేది?"

ఆఖరి సంవత్సరం మొదలయ్యే ముందు సెలవుల్లో ఒక పెద్ద డ్రాయింగ్ కాగితం మీద నా ప్రణాళికంతా గీసుకుని ఆయనకు చూపించాను. మెడిసిన్ ఎరుపు, సర్జరీ నీలం, కాన్పుల వార్డు ఆకుపచ్చ. ఏ నెలలో ఏ పుస్తకం, ఏ వారం ఏ వార్డు, పరీక్షలవగానే హౌస్ సర్జన్ ఉద్యోగానికి ఏ విభాగానికి దరఖాస్తు పెట్టాలి, అన్నీ అందులో ఉన్నాయి. నాకు సర్జరీ కావాలి. ఆ కాలేజీలో దానికోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు చాలామంది. మా వంశంలో కత్తి పట్టినవాడంటే కొబ్బరిబోండాలు కొట్టిన మా మేనమామ ఒక్కడే.

కాంపౌండరు గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. "ఇందులో అన్నం ఎప్పుడు తింటావు నాయనా?" అన్నారు. తర్వాత బల్ల కింద నుంచి ఖాళీ సీసా ఒకటి తీసి తుడిచి, పట్టీ కత్తిరించి పన్నెండు గంట్లు పెట్టి అంటించారు. "అంత కాగితం ఎవురూ మింగలేరు. నెలకో గుర్తు. అయిపోతానే పెన్సిలుతో కొట్టెయ్యి. చివరిది మాత్రం కొట్టబాక. దరఖాస్తు పోస్టులో వేసే ముందు, సీసా పట్టుకొని ఒకసారి రా."

"అది ఇంగ్లీషులో ఉంటాది కాంపౌండరు గారూ" అన్నాను.

"దరఖాస్తు నాకెందుకు? తెచ్చినోడి మొహం చూస్తా" అన్నారు.

హాస్టల్లో ఆ సీసాను కిటికీలో పెట్టుకున్నాను. అక్కడ నాకు స్నేహితులంటూ లేరు. మొదటి సంవత్సరంలో 'చెప్పినాడు', 'ఉండాది' అని నేను మాట్లాడితే పక్క గదుల వాళ్ళు నవ్వారు. దాంతో మాట్లాడటమే తగ్గించేశాను. ఆదివారం మెస్సులో అందరూ ఒక బల్ల దగ్గర, నేనొక్కణ్ణీ ఒక బల్ల దగ్గర. కాన్పుల వార్డులో బిడ్డ మొదటిసారి నా చేతుల్లోకి జారిన రోజు, ఆ సంగతి చెప్పుకోవడానికి మనిషి లేక గదికొచ్చి ఏడో గుర్తు కొట్టేసి కూర్చున్నాను. నెల నిండటానికి ఇంకా నాలుగు రోజులుంది. అయినా కొట్టేశాను.

పరీక్షలైపోయాయి. ఫలితాలొచ్చాయి, ప్యాసయ్యాను. దరఖాస్తుకు వారం గడువు. ఊరికి పోయి రావడానికి రెండు రోజులు చాలు. ఆ సాయంత్రమే పక్క గది వాళ్ళు నన్ను మొదటిసారి పిలిచారు, అందరం కలిసి ఫారాలు నింపుకుందాం రమ్మని. ఐదేళ్ళలో మొదటిసారి. కాఫీ తెప్పించారు. ఒకడు కిటికీలోని సీసా సంగతి అడిగాడు. నేను చెప్పాను. ఉన్నదున్నట్టు చెబితే పోయేది, నవ్వించడానికి చెప్పాను. కాంపౌండరు గారి గొంతు అనుకరించి, "చివరి గుర్తు తాగొద్దు" అని చెప్పాను. అందరూ విరగబడి నవ్వారు. "కాంపౌండరుకి చూపించి దరఖాస్తు పెట్టే సర్జన్ నువ్వొక్కడివేరా" అన్నాడొకడు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. మర్నాడు అందరితో కలిసి పోస్టాఫీసుకు వెళ్ళి ఫారం పంపేశాను. 

సర్జరీ వచ్చింది. ఆ కాఫీ స్నేహితులు తలో ఊరి ఆసుపత్రికీ వెళ్ళిపోయారు. కొత్త చోట మళ్ళీ నా బల్ల నాదే. రెండు నెలల కిందట కాంపౌండరు గారి దగ్గర నుంచి కార్డు వచ్చింది. "నాయనా, సీసా రాలేదు. ఒంట్లో బాగుందా. అంతే అడుగుతున్నా." అంతకు మించి ఒక్క అక్షరం లేదు. వచ్చే నెల వస్తానని రాద్దామనుకుని, ఆ కార్డును పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకున్నాను. ఆ పుస్తకం సగం చదివాను. కార్డుకు జవాబు రాయలేదు. నాకు తగ్గిందో, పోయానో తెలియకుండానే ఆయన పోయారు.

సెలవు దొరకగానే సీసా పట్టుకుని ఊరికి వెళ్ళాను. పదకొండు గుర్తులు కొట్టేసి ఉన్నాయి, పన్నెండోది అలాగే ఉంది. డిస్పెన్సరీకి తాళం. కొత్త కాంపౌండరు ఇంకా రాలేదట. మెట్ల మీద ఊరి పక్క పాలెం నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో సీసా, అందులో ఒకే ఒక్క మోతాదు దగ్గు మందు.

"ఆయన లేరమ్మా" అన్నాను.

"తెలుసు నాయనా. మట్టికి నేనూ పోయినా. ఈ సీసా ఇంట్లో ఉండిపోయింది. తాగేదానికి మనసొప్పలా, పారబోసేదానికీ ఒప్పలా. అందుకని తెచ్చినా."

"దగ్గు తగ్గిందా?"

"తగ్గింది. అది చెప్పేదానికే గదా ఆయన రమ్మనేది. అడుగు మందు, గడ్డ మందు అని ఏదో చెప్తా ఉండేవోడు. ఒంటి మనిషి, పోనీలే అని అందరం వస్తా ఉండేవోళ్ళం."

ఆ రహస్యం నా ఒక్కడికే తెలుసని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఊరందరికీ తెలుసు. తెలిసే అందరూ వచ్చారు. రానివాణ్ణి నేనొక్కణ్ణే.

ఆమె నా చేతిలో సీసా చూసింది. అది ఖాళీగా ఉన్న సంగతి పట్టించుకోలేదు. "నువ్వూ తెచ్చినావా అబ్బయ్యా," అంది. "నీకు తగ్గిందా?"

ఆమె కొంచెం పక్కకు జరిగి మెట్టు మీద చోటిచ్చింది. సముద్రం వైపు నుంచి గాలి వస్తూ ఉంది. తాళం వేసిన తలుపు ముందు, ఎవరి సీసా వాళ్ళం ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పిలుస్తారన్నట్టు చాలాసేపు కూర్చున్నాం.