పళ్ళాలు వెచ్చబెట్టే సొరుగు

రోస్విత ఫ్లైడరర్‌కి జీవితంలో ఒకే ఒక్క కోరిక మిగిలింది. తన ఆడపడుచు ఇర్మ్‌ట్రౌట్ చచ్చేలోగా ఒక్కసారైనా తను వండింది తిని, పళ్ళెం రెండోసారి ముందుకు చాపాలి. అంతకు మించిన అత్యాశ ఆమెకు లేదు. రాయ్ట్లింగెన్ పట్నం అవతల కొండ కింది ఊళ్ళలో వంట బాగుందని ఎవరూ నోటితో చెప్పరు. ఎవరైనా చెబితే వండినావిడకి అనుమానం వస్తుంది. పళ్ళెం మళ్ళీ చాపడమే అక్కడ మెప్పు. ఇర్మ్‌ట్రౌట్ పళ్ళెం మాత్రం నలభై ఏళ్ళుగా ఉన్నచోటునుంచి కదల్లేదు.

కొత్తకోడలిగా వచ్చిన మొదటి ఆదివారం రోస్విత బంగాళాదుంపల సలాడ్ చేసింది. ఆడదాని గుణగణాలన్నీ ఆ ఊళ్ళో దాంతోనే తేల్చేస్తారు. ఉడికిన దుంపల్ని వేడి మీదే పల్చగా తరిగి, ఎముకల చారు కాచి పోసి కలపాలి. గరిటె తిప్పుతుంటే తపతపమని చప్పుడు రావాలి. ఆ చప్పుడు రాకపోతే అది సలాడ్ కాదు, పశువుల దాణా. ఇర్మ్‌ట్రౌట్ ఒక్క ముద్ద తిని, ఫోర్క్ పక్కన పెట్టి, "పొడిగా ఉంది" అంది. రోస్విత అప్పటికి బనీన్ల ఫ్యాక్టరీలో మెషిన్ ముందు కూర్చునే పిల్ల, నోట్లో నాలుక లేని మనిషి. మాట మింగి ఊరుకుంది. ఊరుకుందే గాని మరిచిపోలేదు.

ఆ తర్వాత ఇర్మ్‌ట్రౌట్ ఒక టాక్స్ సలహాదారుణ్ణి కట్టుకుని ష్టుట్‌గార్ట్‌లో కొండ మీది ఇంటికి మకాం మార్చింది. ఆయన పోయాడు, ఇల్లూ ఆవిడ నోరూ మిగిలాయి. పుట్టింటికి వచ్చినప్పుడల్లా దీపపు గొడుగు మీద వేలితో రాసి, ఆ వేలికేసి చూసుకునేది. దుమ్ము దొరికిన రోజున ఆమె ముఖంలో కనిపించే తృప్తి ఏ విందులోనూ కనిపించేది కాదు.

రోస్విత భర్త ఎబర్‌హార్ట్ యంత్రాల ఫ్యాక్టరీలో పనిముట్లు చేసి రిటైరయ్యాడు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకి ఇర్మ్‌ట్రౌట్ ఒక్కతే ముందురోజు వచ్చి రెండు రాత్రులు ఉంటానని ఫోన్ చేసిననాడే రోస్వితకి జ్ఞానోదయమైంది. ఇన్నేళ్ళూ తప్పు తన చేతిదనుకుంది. కాదు, తప్పంతా పొయ్యిది. అత్తగారి హయాంలో కొన్న తెల్ల ఎనామెల్ కరెంటు పొయ్యి మీద వండిన కూడు ఎవరికి రుచిస్తుంది? వంటిల్లు పూర్తిగా పీకించి కొత్తది కట్టించాలని ఆ పూటే తీర్మానించేసింది.

షాపులో అమ్మకాలబ్బాయి క్నోడ్లర్ మొనదేలిన బూట్లేసుకుని వాళ్ళ ముందు నడిచాడు. ఆవిరితో వండే ఓవెన్ తలుపు తెరిచి, నిన్న కన్న బిడ్డని చూపించినంత గర్వంగా నిలబడ్డాడు.

"ఇందులో చేప పెట్టారంటే మేడం, వెన్నలా కరిగిపోతుంది."

"తుడవడం ఎలా?" అంది రోస్విత.

"తుడవక్కర్లేదు మేడం. బాగా వేడెక్కి తనంతట తనే శుభ్రం చేసుకుంటుంది."

"తనే చేసుకుంటే నేనేం చెయ్యాలి?"

క్నోడ్లర్ ఓవెన్ తలుపు మూసేశాడు. పొగను పైకి కాకుండా కిందికి లాగే పొయ్యి చూపించాడు. నొక్కగానే మరిగిన నీళ్ళిచ్చే కుళాయి చూపించాడు. ప్రతిదాన్నీ రోస్విత చూపుడువేలితో ఒకసారి రుద్దింది, పడిన మరకను చేతిరుమాలుతో తుడిచింది, ఎంత సేపట్లో పోయిందో చూసుకుంది. వంట గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. ఎబర్‌హార్ట్ మాత్రం జేబులోంచి కొలటేపు తీసి ఓవెన్ మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తున్నాడు.

"మా వదినగారింట్లో ఓవెన్ నడుం ఎత్తులో ఉంది," అంది రోస్విత. "నాకు గుండె ఎత్తులో పెట్టండి. ఒకటి కాదు, రెండు."

"రంగు మేడం?"

"ఆవిడది తెలుపు. నాకు నల్ల అద్దం."

"నలుపు మీద వేలిముద్రలు బాగా కనిపిస్తాయి మేడం, ముందే చెబుతున్నా."

"ముట్టుకుంటేగా," అన్నాడు ఎబర్‌హార్ట్. ఆ రోజుకి అది ఆయన మొదటి మాట. భార్య చూసిన చూపుకి మళ్ళీ కొలటేపులో పడిపోయాడు.

చివరికి క్నోడ్లర్ ఓవెన్ కింద ఒక సన్నటి సొరుగు లాగాడు. "పళ్ళాలు వెచ్చబెట్టే సొరుగు మేడం. ఖాళీ పళ్ళాలకే సుమండీ. వండినవి పెట్టకండి, ఎండిపోతాయి."

రోస్విత మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. ఇర్మ్‌ట్రౌట్ వంటింటి అరలన్నీ తలలో ఒక్కొక్కటీ తెరిచి చూసుకుంది. ఎక్కడా ఈ సొరుగు లేదు. వెచ్చటి పళ్ళెం, ఆ పళ్ళెం రెండోసారి చాపుతున్న ఆడపడుచు చెయ్యి ఆమెకు అక్కడే కళ్ళకు కట్టాయి.

"ఇది కావాలి," అంది.

"ఇంతకీ మీరు ఎక్కువగా ఏం వండుతారు మేడం?" అని క్నోడ్లర్ అప్పుడడిగాడు, మాట వరసకి.

"బంగాళాదుంపల సలాడ్."

కుర్రాడు రెండు ఓవెన్లకేసీ సొరుగుకేసీ చూసి, గొంతు సవరించుకుని, కాగితాలు తీశాడు. అమ్మకం పోగొట్టుకునేంత నిజాయితీ వాడికి లేదు, అది వాడి తప్పూ కాదు.

కారులో ఎబర్‌హార్ట్ అన్నాడు: "పళ్ళాలు వెచ్చగా ఉండటం దేనికే? ఇన్నాళ్ళూ చల్లగా ఉన్నాయని ఎవరైనా ఏడ్చారా?"

"మీకు తెలీదు, ఊరుకోండి."

వంటిల్లు వచ్చింది. నల్లగా, నున్నగా, ఎక్కడా ఒక పిడి కూడా కనిపించకుండా గోడంతా పరుచుకుని నిలబడింది. పాత పొయ్యి సంగతే తేలలేదు. అది పనిచేస్తోంది. పనిచేసే వస్తువును పారేసినవాడికి ఆ ఊళ్ళో పిల్లనివ్వరు. నేలమాళిగలో ఎబర్‌హార్ట్ లేత్ మెషిన్ కోసం వేయించిన లావుపాటి కరెంటు తీగ ఉంది. బట్టలుతికే మెషిన్ పక్కన, బంగాళాదుంపల పెట్టెల నడుమ, పొయ్యిని దానికి తగిలించాడు. "ఎప్పుడైనా అవసరానికి పనికొస్తుంది," అన్నాడు.

ఆ అవసరం మొదటి సాయంత్రమే వచ్చింది. పిండిని చెక్క మీద పరిచి, కత్తితో సన్నసన్నగా గీకి మరిగే నీళ్ళలోకి విదిలిస్తే తయారయ్యే పిండి తునకలు, వాటి మీదికి పప్పుచారు, అదీ ఆ ఇంట్లో రాత్రి భోజనం. రోస్విత చెక్క పట్టుకుని కొత్త పొయ్యి ముందు నిలబడింది. విదిలిస్తే పిండి చిందుతుంది. నీళ్ళు పొంగుతాయి. ఎదురుగా నల్ల అద్దంలో తన ముఖమే భయంభయంగా కనిపించింది. "ఇవాళ్టికి కింద చేసేద్దాం," అని చెక్క చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

మర్నాడూ ఇవాళ్టికే అనుకుంది. వారం తిరిగేసరికి ఎబర్‌హార్ట్ తన కుర్చీ కిందికి దింపాడు, తర్వాత రేడియో దింపాడు. ఇద్దరూ ఉతికి ఆరేసిన దుప్పట్ల కింద తలలు వంచుకుని తినడం అలవాటు చేసుకున్నారు. శనివారం ఇంటి ముందు కాలిబాట ఊడ్చాక రోస్విత పైకి వెళ్ళి, ఒక్కనాడూ వెలగని ఓవెన్లను రెండింటినీ తుడిచేది. ఇరుగుపొరుగు చూడటానికి వస్తే చెప్పులు బయట విప్పించి, చేతులు వెనక్కి కట్టుకోమనేది. ఆ వంటింట్లో కాఫీ తాగినవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు.

నిజం చెప్పాలంటే రోస్విత కింద హాయిగా ఉండేది. పాత పొయ్యి ఏ చుట్టు ఎంత కాలుతుందో ఆమె చేతికి తెలుసు. చిందితే చిందనీ, కింద సిమెంటు నేలే కదా. గరిటె తిప్పుతూ కూనిరాగాలు తీసేది. ఎబర్‌హార్ట్ రోజూ పళ్ళెం రెండుసార్లు చాపేవాడు. మొగుడు చాపిన పళ్ళేన్ని లెక్కలోకి తీసుకునే ఆడది ఎక్కడుంది?

"పైన వంటిల్లు ఎవరికే?" అని అడిగాడు ఒకరోజు.

"మీ అక్కకి."

"అయితే దానికే ఇచ్చేయ్, విప్పుకుని పట్టుకుపోతుంది."

పుట్టినరోజు ముందునాడు పొద్దున్నే రోస్విత నేలమాళిగలో వంట మొదలుపెట్టింది. పాత పొయ్యి కింది ఓవెన్లో పంది మాంసం ఎర్రగా కాలింది. ఎముకల చారు కాగింది. దుంపలు తరిగి, చారు పోసి, కలిపితే ఎనామెల్ గిన్నెలో తపతపమని చప్పుడు పలికింది. నలభై ఏళ్ళలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదని వేలు పెట్టి నాకి చూసుకుని తెలుసుకుంది. అయితే వదినగారు చూస్తుండగా అది కొత్త వంటింట్లోంచే రావాలి. సగం సలాడ్‌ని గాజు పాత్రలోకి తీసి, మెట్లెక్కి, పళ్ళాలు వెచ్చబెట్టే సొరుగులో పెట్టి, వేడి చివరిదాకా తిప్పింది. కాల్చిన మాంసం రోస్ట్‌ని కూడా పైకి తెచ్చి గుండె ఎత్తు ఓవెన్లో ఉంచింది. మిగిలిన సగం సలాడ్ కిందే, ఆపేసిన పొయ్యి మీది నులివెచ్చదనంలో, చారు పీల్చుకుంటూ ఉండిపోయింది.

ఇర్మ్‌ట్రౌట్ వచ్చింది. చెప్పులు విప్పలేదు. చేతులు వెనక్కి కట్టుకోమనే ధైర్యం రోస్వితకి లేకపోయింది. ఆవిడ అయిదు వేళ్ళూ ఆనించి ఒక్కో తలుపూ తెరిచింది, మూసింది.

"ఇదేంటి?"

"పళ్ళాలు వెచ్చబెట్టే సొరుగు, వదినా. మీకు లేదు కదూ?"

"లేదు. మా ఇంట్లో పళ్ళాలు చల్లారేంతసేపు ఖాళీగా ఉండవు," అని కూర్చుంది. "వంట ఎక్కడ చేశావు? వాసనే లేదేంటి?"

"పొగ కిందికి లాగేస్తుంది, వదినా."

రోస్విత సొరుగు లాగింది. పైపొర దుంపలన్నీ అంచులు పైకి లేపి ముడుచుకుపోయాయి. చారు ఆనవాలు లేదు. అడుగునుంచి కలిపి చూసింది, గరిటె చప్పుడు చెయ్యలేదు. ఇక దాచడానికీ వీల్లేదు, ఆడపడుచు చూస్తూనే ఉంది. వడ్డించింది. ఇర్మ్‌ట్రౌట్ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, ఫోర్క్ పక్కన పెట్టింది.

"పొడిగా ఉంది."

రోస్ట్ ముగ్గురూ తిన్నారు. ఎబర్‌హార్ట్ గోడకేసి చూస్తూ నమిలి, పీపాలోంచి ఆపిల్ సారా తెస్తానని జగ్గు తీసుకుని కిందికి దిగాడు. ఇర్మ్‌ట్రౌట్ కూడా లేచింది.

"నాన్న పీపా ఉందా ఇంకా? నేనూ చూస్తా."

"మెట్లు జారతాయి, వదినా, మీరు కూర్చోండి."

"ఆ మెట్ల మీద పడుతూ లేస్తూ పెరిగినదాన్ని. నాకు చెబుతున్నావా?"

వెళ్ళింది. జగ్గు నిండటానికి ఎంతసేపు కావాలి? రోస్విత కాసేపు బల్ల సర్దింది, ఇంకాసేపు చెవులు రిక్కించింది, ఇక ఉండబట్టలేక తనూ దిగింది.

ఆరిన దుప్పట్లు పక్కకి తోసి ఉన్నాయి. ఎబర్‌హార్ట్ కుర్చీలో ఇర్మ్‌ట్రౌట్ కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. ఒళ్ళో అంచులు పెచ్చులూడిన పాత ఎనామెల్ పళ్ళెం. గడ్డం మీద చారు మెరుస్తోంది. ఎబర్‌హార్ట్ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డాడు. ఇర్మ్‌ట్రౌట్ పళ్ళెం ముందుకు చాపి, "ఇంకో రెండు గరిటెలు వెయ్యరా" అంటోంది.

రోస్విత చివరి మెట్టు మీద అలాగే ఉండిపోయింది. ఆ చెయ్యి, ఆ పళ్ళెం, ఆ కోణం, అన్నీ షాపులో కళ్ళకు కట్టినట్టే ఉన్నాయి. వంటిల్లే వేరు.

"రా, రా," అంది ఇర్మ్‌ట్రౌట్, నోట్లో ముద్దతోనే. "ఇంత మంచి సలాడ్ కింద పెట్టుకుని, పైన నాకు ఆ గడ్డి పెడతారా? అమ్మ కూడా ఇలా చెయ్యలేదు. వీణ్ణి అడిగితే నోరు మెదపడు. ఎవరు చేశారే ఇది?"

ఎబర్‌హార్ట్ భార్యకేసి చూశాడు. చెప్పవే అని కళ్ళతోనే బతిమాలుకున్నాడు.

నేనే అన్న ఒక్క మాట చాలు. ఆ మాట రోస్విత నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే రాబోయే ప్రశ్న కూడా వినిపించింది: మరి పైన ఆ నల్ల అద్దాలెందుకు పెట్టించావే? వారం తిరక్కుండా ష్టుట్‌గార్ట్ కొండ మీది పేకాట బల్లల చుట్టూ ఆ కథ తిరుగుతుంది. కోట్లున్నవాళ్ళలా వంటిల్లు కట్టించి, ఉతుకుడు గదిలో వండుకుతినే రోస్విత కథ.

"ఆయనే, వదినా," అంది. "రిటైరయ్యాక కాలక్షేపానికి కింద వండుకుంటారు. నేను పైనే వండుతాను."

ఇర్మ్‌ట్రౌట్ నమలడం ఆపి తమ్ముడికేసి చూసింది, మరదలికేసి చూసింది. అన్నీ అర్థమైనట్టు తలూపింది.

"అదీ సంగతి. తేడా తెలుస్తూనే ఉంది," అని పళ్ళెం తమ్ముడి ముందుకి మరికాస్త జరిపింది.

ఎబర్‌హార్ట్ గరిటెకేసి చూస్తూ వడ్డించాడు. రోస్విత పైకి వచ్చేసింది. సొరుగు ఇంకా కాలుతూనే ఉంది, ఆపేసింది. నల్ల అద్దం మీద, ఒకటీ విడవకుండా, ప్రతి తలుపు మీదా ఆడపడుచు అయిదు వేళ్ళ ముద్రలు ఉన్నాయి. గుడ్డ తడిపి తెచ్చుకుంది. కింద గరిటె మళ్ళీ గిన్నెలో పడింది, తపతపమని చప్పుడు మెట్ల మీదుగా స్పష్టంగా పైకి వినిపించింది. రోస్విత గుండె ఎత్తు తలుపు దగ్గర మొదలుపెట్టి తుడవసాగింది.