మంచుబండికి కొబ్బరినూనె

మంచుగుట్ట సంగతెత్తితే చాలు, చిన్నక్క బతికున్నన్నాళ్లూ మూతికి కొంగు అడ్డం పెట్టుకునేది.

రాయచోటి నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లి, కాళ్లు కదలని నూరాను పసితనం నుంచీ పెంచింది తనే. అందుకే పద్నాలుగేళ్లొచ్చేసరికి ఆ కువైటీ పిల్లకు తిట్లతో సహా రాయచోటి తెలుగు వచ్చేసింది.

మాల్‌లోని మంచుగుట్ట మీద అలాంటి పిల్లల కోసం కూర్చుని జారే బండ్లు పెట్టారు. చక్రాల్లేవు, అడుగున నున్నటి పలకలు. వెనక తాడు చిన్నక్కే పట్టేది. బండి నత్తలా దిగేది.

"ఇంతకన్నా మీ అవ్వ జోరుగా నడుస్తాది. తాడిడువు."

"ఇడిస్తే నా పానం పోతాది పాపా."

మూడో వారం కోచ్ తాడు విప్పేశాడు. "పాపకేమైనా అయితే నీ ముఖం నాకు చూపించకు" అని చెప్పి నూరా తల్లి, పనివాళ్లంతా మామా అని పిలిచే యజమానురాలు, అద్దం అవతల కూర్చుంది.

చిన్నక్కకు చలికాలంలో సీసా తలకిందులు చేసి కొట్టినా దిగని కొబ్బరినూనె గుర్తొచ్చింది. సీసాలోంచే కదలనిది బండినేం కదలనిస్తుంది? కోచ్ అటు తిరగ్గానే, పాప తలకని తెచ్చిన నూనె పలకలకు పట్టించింది. చలికి అది తెల్లగా పేరుకుంటే ధైర్యమొచ్చింది.

ఆ ఇంటి డ్రైవర్ అన్వర్ బాషా చూశాడు. "ఏందక్కా, బండికి తలంటుతాండావా?"

"నోర్ముయ్ బాషా. దిష్టికి."

కోచ్ "యల్లా" అని, ఇక పోనిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. పేరుకున్న నూనె మైనం రాసినట్టు జారుతుందని చిన్నక్కకెవరు చెప్పాలి? తాడు తెంచుకున్న కోడెలా దూకింది బండి. వెంట పరిగెత్తబోయిన చిన్నక్క రెండడుగులకే కూలబడి, వీరభద్రుడితో మొదలుపెట్టి గుర్తొచ్చిన దేవుళ్లందరినీ పిలుస్తూ, గుట్టంతా వీపుమీదే దిగింది.

కింద బండి పక్కకు ఒరిగి ఉంది. నూరా ముఖం మంచులో. భుజాలు అదురుతున్నాయి.

"తల్లీ, యాడ తగిలింది?"

"నేను పడల్యా," నూరాకు ఊపిరాడటం లేదు. "నువ్వొచ్చేది సూసి నవ్వలేక ఒరిగినా."

అద్దం వెనక మామా కూడా పొట్ట పట్టుకునే ఉంది.

చిన్నక్క మంచులో వెల్లకిలా పడి ఊపిరి పీల్చుకుంది. ఒక ఎముకా విరగలేదు, పాపదీ, తనదీ.

"లెయ్ ఇంక. ఈడే పండుకుంటే నన్ను పైకెవరు లాగుతారు?"

చిన్నక్క లేచింది. ఖలాస్ అని మాల్ వాళ్లు దీపాలార్పేదాకా, తిట్టుకుంటూ లాగుతూనే ఉంది.