ఎదురెళ్లడానికి వీల్లేని రైలు

ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడికి ఒట్టుతో పనేమిటంటారు మా పాస్టరుగారు. ఆయన మాట ఆయనది. నన్నెరిగినవాళ్లు మాత్రం ఒట్టు వేయించుకోకుండా నన్ను టైమెంతయిందని కూడా అడగరు. అందుకే ముందే చెబుతున్నాను. మా ఇంటి బైబిలు మీద కుడిచెయ్యి పెట్టి, ఎడంచేత్తో ఇది టైపు చేస్తున్నాను. ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అబద్ధమైతే ఈ జన్మలో నాకు విండో సీటు దొరక్కుండా పోవుగాక.

మా ఎయిర్‌పోర్టులో విమానాలెక్కే బిల్డింగులు మూడు. పెద్దది మధ్యలో ఉంటుంది. విమానాలు తిరిగే మైదానం అవతల ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి దీవుల్లా ఉంటాయి. వాటికి దారి లేదు. విమానాల రెక్కల కిందనుంచి సూట్‌కేసు లాక్కుంటూ పోతామంటే ఒప్పుకోరు కదా. అందుకని భూమి కింద సొరంగాలు తవ్వి రైళ్లు పెట్టారు. ఎస్కలేటర్ మీద ఎంత లోతుకి దిగాలంటే, మొదటిసారి నాకు విమానం దిగుతున్నప్పటిలా చెవులు మూసుకుపోయాయి. నా ముందున్నాయన చూయింగ్ గమ్ పంచాడు.

ఒకే రైలుని మూడుచోట్లకీ తిప్పొచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ అన్నాను. కానీ వాళ్లు పంచేశారు. ఉత్తరపు బిల్డింగుకీ పెద్ద బిల్డింగుకీ మధ్య ఒక చుట్టు, దక్షిణపు బిల్డింగుకీ పెద్ద బిల్డింగుకీ మధ్య ఇంకో చుట్టు. ఈ రెండింటినీ కలుపుతూ పెద్ద బిల్డింగు కింద ఆ చివరికీ ఈ చివరికీ తిరిగే చిన్న బండి ఒకటి. ఒక చుట్టులో బండి మొరాయించినా రెండో చుట్టువాళ్లకి ఆ సంగతే తెలియదు. అన్నదమ్ములు పొలం పంచుకుంటే గట్టు దగ్గర గొడవ రాకుండా ఉండదు. వీళ్ల పంపకంలో గట్టే లేదు. ఇంత చక్కని పంపకం నేనెక్కడా చూడలేదు.

పైగా డ్రైవరుండడు. గాజు తలుపుల ముందు నిలబడితే బండి వచ్చి, దాని తలుపులు సరిగ్గా ఈ తలుపులకి ఎదురుగా ఆగుతాయి. ఒక ఆడగొంతు తలుపులకి దూరంగా ఉండమంటుంది. ఆ గొంతు మా చర్చి క్వయర్లో ఉంటే ఈపాటికి మాకు మంచి పేరొచ్చేది. ఇంకొక్క సంగతి. చుట్టు బండి ఎప్పుడూ ఒకే దిక్కున తిరుగుతుంది, గానుగెద్దులాగా. వెనక్కి రావాలంటే మిగతా చుట్టు పూర్తిచేసి రావాల్సిందే. ఎదురుబండి అనేదే లేదు. ఈ సంగతి వల్లే మా స్నేహితుడి జీవితం కాస్తలో తారుమారయ్యేది.

ఈ స్నేహితుడు రెడ్‌మండ్‌లో నాతోపాటే పనిచేస్తాడు. నాతోపాటే క్వయర్లో పాడతాడు. యాభై దాటాయి. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. సొంతానికి ఏదైనా అడగాల్సివస్తే దగ్గొచ్చే రకం. సన్నీవేల్లో మా పెద్దమ్మ కూతురుంది, నాకంటే పెద్దది, నేను అక్కా అంటాను. బావ పోయాక ఒక్కతే ఉద్యోగం చేసుకుంటూ కూతుర్ని చదివించింది, పెళ్లి చేసింది. ఈ ఇద్దరికీ పెళ్లెందుకు కాకూడదన్న ఆలోచన నాదే. ఇద్దరూ కాదనలేదు. అలాగని అవునని కూడా అనలేదు. కలిసి చూస్తేగానీ చెప్పలేమన్నారు.

కలవడం ఎక్కడ? చర్చిలో కలిస్తే రెండో పాట అయ్యేలోపు కాకినాడలో తెలిసిపోతుంది. ఇంటికి రమ్మంటే పక్క అపార్ట్‌మెంటులో మనవాళ్లే. అప్పుడు దేవుడు దారి చూపించాడు. అక్క కూతురు అలాస్కాలో ఉంటుంది, ఆ పిల్లకి నెలలు నిండాయి. పురిటికి వెళుతూ అక్క మా ఎయిర్‌పోర్టులోనే విమానం మారాలి. అదే పొద్దున నేనూ మా వాడూ డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మా తెలుగు చర్చిల కూటాలకని విమానం ఎక్కాలి. సెక్యూరిటీ దాటిన లోపల, మనల్నెవరూ పట్టించుకోనిచోట, పెళ్లిచూపులు. ఇంతకంటే మంచి కల్యాణమండపం ఎవరికి దొరుకుతుంది?

దారిలో కార్లో మా వాడు ఒక్క మాటన్నాడు. "ఇవ్వాళ కుదరకపోతే ఇక నా దగ్గర ఈ మాట ఎత్తొద్దు బ్రదర్. ఇంకోసారి ఇంత ధైర్యం నాకు రాదు."

ఆ మాటకి నాకు భయం వేసింది. ఎందుకంటే అక్క దగ్గర నేను కాస్త కోతలు కోశాను. మా వాడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడని చెప్తే ఏం రుచిగా ఉంటుంది? అందుకని, ఎయిర్‌పోర్టు కింద తిరిగే ఆ డ్రైవరు లేని రైళ్లకి ప్రోగ్రాం రాసింది ఈయనేనని చెప్పాను. ఆ సంగతి మా వాడికి పార్కింగ్‌లో చెప్పాను. పాపం, దగ్గు మొదలైంది.

మేం పెద్ద బిల్డింగులో ఉన్నాం. అక్క విమానం ఉత్తరపు బిల్డింగులో దిగింది. అలాస్కా విమానం కూడా అక్కడినుంచే. దిగీ దిగగానే నాకు ఫోన్ చేసి, మీరక్కడే ఉండండి, నేను రైలెక్కి వస్తానంది. ఆ మాట మా వాడికి చెబితే, ఛ, ఆవిడ సామానేసుకుని రావడమేమిటి, మనమే వెళ్లాలి, అది మర్యాద అన్నాడు. నేను అక్కకి చెప్పాను. అదేం మాట, చూడ్డానికొచ్చినవాళ్లకి మనం ఎదురెళ్లాలి గానీ కూర్చుంటామా అంది అక్క. మనవాళ్ల పెళ్లిళ్లలో ఎదుర్కోలని ఒకటుంటుంది కదా, మగపెళ్లివారికి ఊరి పొలిమేర దాకా ఎదురెళ్లి తీసుకురావడం. హిందువులైనా క్రైస్తవులైనా కోస్తావాళ్లకి అది రక్తంలో ఉంటుంది. సరేనని ఇద్దరికీ ఊకొట్టి ఫోన్ పెట్టేశాను. ఇద్దరూ బయల్దేరారు.

మేం ఉత్తరపు బిల్డింగులో దిగేసరికి అక్క లేదు. అప్పటికే ఆవిడ చుట్టులో రెండో సగంలో పెద్ద బిల్డింగుకి పోతోంది. మా మధ్య సొరంగం గోడ, దానవతల మట్టి. పైన విమానాలు. ఆవిడ పెద్ద బిల్డింగులో దిగి మమ్మల్ని వెతుక్కుని, అక్కడే ఉండండి నేనొస్తున్నానని నాకు ఫోన్ చేసింది. అప్పటికే మేం తిరుగు బండిలో ఉన్నాం, సొరంగంలో సిగ్నల్ లేదు. మేం పైకొచ్చేసరికి ఆవిడ మళ్లీ కిందికి దిగింది. ఇట్లా ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. అలాస్కాకి చేపలు పట్టడానికి పోతున్న గుంపొకటి మాతో ఎక్కింది. వాళ్లు పోయి చేపలు పట్టుకుని తిరిగొచ్చేదాకా మేం తిరుగుతూనే ఉన్నాం.

చివరికి పెద్ద బిల్డింగు ప్లాట్‌ఫారం మీద నాకే వెలిగింది. చుట్టు బండిలో ఎదురెళ్లడమనేదే లేదు. ఎవరెంత తొందరపడ్డా ఒకరి వెనక ఒకరు పోవడమే. కలవాలంటే ఒకరు ఆగాలి. ఆ మాట మా వాడితో అన్నాను. ఆడమనిషి తన దగ్గరికి రావాలని అడగడం ఆయనకెంత కష్టమో నాకు తెలుసు. అయినా, సరే, నేను కదలనని మెసేజ్‌లో చెప్పమన్నాడు. చెప్పాను. అటువైపు అక్క కూడా అది చూడకుండానే అదే సమయానికి అదే తెలివి తెచ్చుకుందని నాకేం తెలుసు? ఆవిడ అక్కడ ఆగింది. మేమిక్కడ ఆగాం. బండ్లు వస్తున్నాయి, తలుపులు తెరుచుకుంటున్నాయి, ఆ ఆడగొంతు చెప్పాల్సింది చెబుతోంది, ఎవరూ దిగట్లేదు. మా వాడు ప్రతి తలుపూ చూసి, అది మూసుకోగానే చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఇక వదిలేద్దాం బ్రదర్, ఆవిడకిష్టం లేనట్టుందన్నాడు. బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు కూడా.

అప్పుడు ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, నువ్వు మధ్యలో ఉన్నంతసేపూ మేం కలవం. ఫోన్ ఆయనకియ్యి."

ఇచ్చాను. అప్పటిదాకా ఈ ఇద్దరూ నేరుగా ఒక్క మాటా మాట్లాడుకోలేదు, అంతా నా నోటిమీదుగానే. మా వాడు ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాడు. స్పీకర్ నేనే పెట్టాను. అది నా ధర్మం.

"వందనాలు సిస్టర్," అన్నాడు అలవాటుగా.

"వందనాలండీ. ఆ పిలుపు మాత్రం వద్దు."

మా వాడు కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఒక్క గుక్కలో చెప్పేశాడు. "ఈ రైళ్లకి ప్రోగ్రాం నేను రాయలేదండి. నాకు వీటితో ఏ సంబంధమూ లేదు. నేను టెస్టింగ్ చేస్తాను. అదీ పెద్దదేం కాదు."

"తెలుసండీ. వాడు చెప్పినదాంట్లో పన్నెండణాలు తీసేసి వినడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. మిగిలిన నాలుగణాలకే నేనొచ్చాను."

ప్లాట్‌ఫారం మీదున్న నన్ను ఇద్దరూ మర్చిపోయారు. ఇంక టైం ఎక్కువ లేదంది అక్క. మీరు బండెక్కండి, ఇక్కడ దిగొద్దు, మొదటి పెట్టెలోనే ఉండండి, నేనెక్కుతాను అంది. అంటే ఎవరూ ఎవరికీ ఎదురెళ్లలేదు. ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు. బండే ఇద్దర్నీ కలిపింది. ఆ డ్రైవరు లేని బండి మీద నాకప్పుడు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

ఉత్తరపు బిల్డింగులో తలుపులు తెరుచుకున్నాయి. అక్క ఎక్కింది. ఒక చేతిలో చక్రాల సూట్‌కేసు, ఇంకో చేతిలో కూతురికి పథ్యానికని శొంఠిపొడీ వెల్లుల్లికారమూ ఉన్న సంచి. ఆ వాసనకి పెట్టెలో సగంమంది తిరిగి చూశారు. నేను మూలకి తిరిగి, కిటికీలో వాళ్ల నీడలు చూస్తూ నిలబడ్డాను.

"డ్రైవరేడండీ?" అంది అక్క.

"లేడండి."

"మరి ఎట్లా నడుస్తోంది?"

"ఎక్కడో కూర్చుని ఎవరో చూస్తుంటారండి."

"మా ఇల్లూ అంతే లెండి. ఆయన పోయాక ఎవరు నడిపారో తెలీదు, నడిచింది."

మా వాడు మూసుకున్న తలుపుల వైపు తిరిగాడు. "మా ఇంట్లో తలుపులు మూసుకుపోయాయండి. ఎట్లా తెరవాలో నాకు చేతకాలేదు."

"తలుపులకడ్డంగా నిలబడొద్దని ఆవిడ ఇందాకట్నుంచి చెబుతోంది కదా. పక్కకి జరగండి, అవే తెరుచుకుంటాయి."

ఇట్లా మూడు చుట్లు తిరిగాం. చివరి చుట్టులో చేపలవాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. అక్క ఉత్తరపు బిల్డింగులో దిగి విమానమెక్కింది. మేం మా విమానమెక్కాం. ఇర్వింగ్ కూటాల్లో మా వాడు పాడితే, వెనక వరసలో ఆంటీలు ఎవరీయన అని అడిగారు. అక్కకి మనవరాలు పుట్టింది. ఆ వేసవిలో మా వాడు నన్ను తీసుకుపోకుండా, నాకు చెప్పను కూడా చెప్పకుండా అలాస్కా వెళ్లొచ్చాడు. ఇప్పుడు ఇద్దరూ రెడ్‌మండ్‌లోనే ఉంటారు. ఆదివారం వాళ్లింట్లో చేపలపులుసు తిని వస్తుంటాను.

ఇక ఒట్టు సంగతి. చేపలవాళ్ల గురించి కాస్త సాగదీశాను, అది మీకెలాగూ తెలిసిపోయి ఉంటుంది. అసలు కల్పించింది వేరే ఉంది. ఆ పెట్టెలో నేను లేను. మొదటి పెట్టెలో ఉండమన్నాక అక్క ఇంకో మాట కూడా అంది, వాణ్ణి తేవద్దని. మా వాడొక్కడే బండెక్కి వెళ్లిపోయాడు. నేను పెద్ద బిల్డింగు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాను. కాసేపటికి బండి వచ్చి మొదటి పెట్టె తలుపులు సరిగ్గా నా ముందే తెరుచుకున్నాయి. లోపల ఇద్దరూ ఒకే స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు, ఆయన చెయ్యి పైన, ఆవిడ చెయ్యి కింద. శొంఠిపొడి సంచి ఆయన భుజానుంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. నన్ను చూడనూ లేదు. నేను చెయ్యెత్తబోయేలోపు తలుపులు మూసుకున్నాయి. ఉన్నది ఆ ఒక్క చుట్టే, మూడు కాదు.

ఏం మాట్లాడుకున్నారని తర్వాత ఇద్దర్నీ విడివిడిగా అడిగాను. ఏమీ మాట్లాడుకోలేదనే ఇద్దరూ చెప్పారు. ఇద్దరు తెలుగువాళ్లు ఒక చుట్టంతా నోరు మెదపకుండా తిరిగొచ్చి పెళ్లి చేసుకున్నారంటే ఎవరు నమ్ముతారు? అందుకే ఆ మాటలు నేను రాసిపెట్టాను.